హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎంతసేపు: ఈ లెక్క మీరే వేసుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటల ప్రయాణం అని అడిగితే ఒకరు పదహారు అంటారు, ఇంకొకరు ఇరవై రెండు అంటారు, మరొకరు "ఏముంది, తెల్లారుజామున ఎక్కితే అదే రోజు సాయంత్రం దిగిపోతారు" అంటారు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. మొదటాయన చెప్పింది గల్ఫ్ నుంచి డాలస్‌కి వెళ్లే పెద్ద విమానం టైమ్ మాత్రమే, రెండో ఆయన మధ్యలో ఆగే టైమ్ కూడా కలిపాడు, మూడో ఆయన టికెట్ మీద రాసిన గడియారం టైమ్ చూసి చెప్పాడు. మొదటిసారి అమెరికా వెళ్తున్న అమ్మానాన్నల్ని విమానం ఎక్కించే వాళ్లకి ఈ మూడు జవాబులూ సరిపోవు. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి పిల్లల ఇంటి గుమ్మం ఎక్కేదాకా ఎన్ని గంటలో వాళ్లకి తెలియాలి, ఎందుకంటే బీపీ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, చేతి బ్యాగులో ఎంత తిండి పెట్టాలి, అటువైపు కారు వేసుకుని ఎవరు ఎన్నింటికి రావాలి అన్నవన్నీ ఆ అంకెని బట్టే ఉంటాయి. ఆ అంకె ఎలా రాబట్టాలో ఇక్కడ మొదట్నుంచి చెబుతాను. హైదరాబాద్, డాలస్ ఉదాహరణగా తీసుకుంటున్నా, పద్ధతి మాత్రం మెల్‌బోర్న్ వెళ్లే వాళ్లకైనా టొరంటో వెళ్లే వాళ్లకైనా ఇదే.

ఊరి పేరుతో వెతకొద్దు, కోడ్‌తో వెతకండి

ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఉంటుంది. టికెట్ మీద ఉంటుంది, సూట్‌కేస్ పిడికి అంటించే ట్యాగ్ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. శంషాబాద్‌ది హెచ్‌వైడి, డాలస్‌ది డిఎఫ్‌డబ్ల్యు. దూరం చెప్పే వెబ్‌సైట్లలో ఉత్త హైదరాబాద్ అని కొడితే పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో ఉన్న హైదరాబాద్ కూడా జాబితాలో వస్తుంది, దాని కోడ్ హెచ్‌డిడి. చూడకుండా దాన్ని నొక్కితే దూరమూ టైమూ రెండూ తప్పే. అటు డాలస్‌లో కూడా రెండు విమానాశ్రయాలున్నాయి. డిఎఎల్ అంటే నగరం లోపలే ఉన్న లవ్ ఫీల్డ్, ఆ దేశంలో లోపల లోపల తిరిగేవాళ్లు వాడేది. మన వాళ్లు దిగేది డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్యలో ఉన్న డిఎఫ్‌డబ్ల్యులో. అందుకే ముందు టికెట్ తీసి కోడ్‌లు వరసగా ఒక కాగితం మీద రాసుకోండి, ఎక్కేది, మధ్యలో దిగేది, చివర దిగేది. ఈ కాగితంతో ఇంకా చాలా పని ఉంది, పారేయకండి.

దూరం

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఒక వంపు గీత అవుతుంది. దాన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు, విమానాల లెక్కలన్నీ దాని నుంచే మొదలవుతాయి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు కోడ్‌లూ మధ్యలో చిన్న అడ్డగీతతో కొడితే దూరమూ మ్యాపూ రెండూ వస్తాయి. అది వద్దనుకుంటే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, శంషాబాద్ రన్‌వే మీద మౌస్ కుడి బటన్ నొక్కి దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకోండి, తర్వాత డిఎఫ్‌డబ్ల్యు మీద క్లిక్ చేయండి. ఎలా చూసినా సుమారు 14,400 కిలోమీటర్లు వస్తుంది. ఒక సైటు 8,950 చిల్లర అంటే, ఇంకోటి 7,800 దాకా అంటే కంగారు పడకండి, మొదటిది మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు. మైలుకి 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలుకి 1.852. విమానయానం వాళ్లు వాడేది నాటికల్ మైలు కాబట్టి కొన్ని సైట్లు అదే ముందు చూపిస్తాయి.

ఇక ఆ గీత ఎటు పోతుందో చూడండి, నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. గోడకి తగిలించిన మ్యాప్‌లో చూస్తే అమెరికా మనకి పడమర, మధ్యలో అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ సముద్రం. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకి పోదు, సూటిగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్క నుంచి లడఖ్, అక్కణ్ణుంచి కజకిస్తాన్, సైబీరియా, ఆ పైన ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల చేరువలోకి వెళ్లి, అవతలి వైపు కెనడా మీదుగా కిందికి దిగి డాలస్ చేరుతుంది. కారణం సులువే. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 175. అంటే భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్న ఊళ్లు ఇవి, రెండూ ఉత్తరార్ధంలోనే ఉన్నాయి కాబట్టి పైనుంచి వెళ్లిపోవడమే దగ్గర.

మరి ఆ దారిలో నేరుగా విమానం ఎందుకు లేదంటే, దూరం ఒక్కటే అడ్డం అనుకోకండి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆగకుండా ఎగురుతున్నారు. మన దారిలో హిమాలయాలు, కారకోరం, పామీర్ ఉన్నాయి. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల దాకా దించాలి, అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి ఆడుతుంది. కింద 20,000 అడుగుల కొండలుంటే ఎక్కడికి దించుతారు? అందుకే ఆ కొండల మీద ఎక్కువసేపు ఉండే దారులకి పెద్దగా ఇష్టపడరు. దాని మీద రష్యా గొడవ ఒకటి. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం అమెరికా, ఐరోపా కంపెనీలకి మూసుకుపోయింది. పైగా అంత దూరానికి మోసుకెళ్లే ఇంధనం బరువుకి తగ్గ టికెట్ ధర పలకాలి, రోజూ సీట్లు నిండాలి. మనకి ఆ ముచ్చట అసలు తీరలేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శంషాబాద్ నుంచి చికాగోకి నేరుగా విమానం వేసింది, సుమారు 13,300 కిలోమీటర్లు. అది ఎంతో కాలం నిలవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి డైరెక్ట్ విమానాన్ని మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చారు, సారథి కెప్టెన్ జోయా అగర్వాల్.

సరే, డైరెక్ట్ లేదు కాబట్టి ముక్కలుగా కొలవాలి. కాగితం మీద రాసుకున్న కోడ్‌లు రెండేసి చొప్పున తీసుకుని విడివిడిగా దూరం చూసి కలపండి. దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550, దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,940, మొత్తం 15,490 కిలోమీటర్లు. దోహా మీదుగా 2,910, 12,750 కలిపి 15,660 దాకా. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా 15,400 దగ్గరే తేలుతుంది. ఒకసారి ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ దారిన వెళ్లినా నేరు దూరం కంటే 1,000 నుంచి 1,250 కిలోమీటర్లే ఎక్కువ, దారికీ దారికీ మధ్య తేడా 300 లోపు. గాల్లో అది ఇరవై నిమిషాల పని. "దుబాయ్ అయితే చుట్టు తిరుగుడు, లండన్ దగ్గర" అనో, దానికి తిరగేసో ఎవరైనా గట్టిగా వాదిస్తే ఈ లెక్క చూపించండి. ప్రయాణం 21 గంటలవుతుందా 32 అవుతుందా అన్నది దూరం తేల్చదు, మధ్యలో ఆగే టైమ్ తేలుస్తుంది. టికెట్ ఎంచుకునేటప్పుడు కళ్లు పెట్టాల్సింది అక్కడే.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

పెద్ద విమానాలు పైన గంటకి 900 కిలోమీటర్ల ప్రాంతంలో వెళ్తాయి. దూరాన్ని 900తో భాగిస్తే వచ్చే అంకె మాత్రం టికెట్ మీద టైమ్‌తో కలవదు, ఎప్పుడూ తక్కువే వస్తుంది. టికెట్ టైమ్ అంటే గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. అందులో రన్‌వే దాకా నిదానంగా పాక్కుంటూ పోవడం, వరసలో నిలబడటం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు, అన్నీ ఉంటాయి. అసలు దారి కూడా గ్రేట్ సర్కిల్ గీత మీద అచ్చంగా ఉండదు, కాస్త అటూ ఇటూ వంగుతుంది.

నేను వాడే లెక్క ఇది: దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. పడమరకి వెళ్తుంటే ఇంకో అరగంట నుంచి ముప్పావు గంట కలపండి, తూర్పుకి వస్తుంటే దూరప్రయాణాల్లో అరగంట నుంచి గంట దాకా తీసేయండి. దుబాయ్ నుంచి డాలస్ 12,940ని 850తో భాగిస్తే 15.2 గంటలు, అరగంట కలిపితే 15 గంటల 45 నిమిషాల దాకా. టికెట్ల మీద వెళ్లేటప్పుడు దాదాపు 16 గంటల 15 నిమిషాలు ఉంటుంది, వచ్చేటప్పుడు 14 గంటల 45 నిమిషాల చుట్టుపక్కల. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550కి మూడున్నర గంటలు వస్తుంది, వెళ్లేటప్పుడు 4 గంటలు వేస్తారు, వచ్చేటప్పుడు మూడున్నర. నిమిషాలు సీజన్‌ని బట్టి, కంపెనీని బట్టి మారతాయి, కానీ ఈ లెక్క మిమ్మల్ని అరగంటకి మించి తప్పుదారి పట్టించడం అరుదు.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గంటన్నర తేడా ఎందుకంటే గాలి. విమానాలు ఎగిరే 30,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం ఉంటుంది, చలికాలంలో అది గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. ఎదురుగాలి అయితే అంత వేగం కోసుకుపోతుంది, వెనక నుంచి తోస్తే అంత కలిసొస్తుంది. దుబాయ్, డాలస్ మధ్య పై అంకెలతోనే సగటు కట్టి చూడండి, వెళ్లేటప్పుడు గంటకి 800కి కాస్త తక్కువ, వచ్చేటప్పుడు 875 పైన. విమానం అదే, దూరం అదే.

ఇక్కడే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమానం మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా పడమరకి వెళ్లేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దారి మార్చి తూర్పుకి తిప్పి పసిఫిక్ సముద్రం మీదుగా పంపారు. దూరం 15,000 దాటింది, అప్పటికి ప్రపంచంలోనే అతి పొడవైన డైరెక్ట్ ప్రయాణం అది. టైమ్ మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. దూరం పెరిగితే టైమ్ పెరగాలి అనే మన అంచనా గాల్లో ఎప్పుడూ పని చేయదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

గగనతలం మూసివేతలు కూడా టైమ్ మారుస్తాయి. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ భారత విమానాలకి తన ఆకాశం మూసేశాక ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లే మన కంపెనీల విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా వెళ్లే దారి ఎటూ అరేబియా సముద్రం మీదుగానే కాబట్టి ఆ మూసివేత మన వైపు వాళ్లకి పెద్దగా తగల్లేదు. కానీ అదే ఏడాది జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసినప్పుడు దోహా మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. అందుకని కాగితం లెక్కతో ఆగిపోకుండా ప్రయాణానికి వారం ముందు ఫ్లైట్‌రాడార్24లోనో ఫ్లైట్‌అవేర్‌లోనో మీ ఫ్లైట్ నంబర్ కొట్టి చూడండి. గత కొన్ని రోజులుగా ఆ విమానం ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి దిగింది, ఏ దారిన పోయింది అన్నీ కనిపిస్తాయి. రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా దిగుతున్న విమానం మీ రోజున మాత్రం టైమ్‌కి దిగుతుందని ఎందుకు నమ్మాలి?

గడియారాల లెక్క

టికెట్ మీద ఉండే ప్రతి టైమూ ఆ ఊరి స్థానిక సమయం. ఇది తెలిసిన వాళ్లు కూడా తీసివేత దగ్గర తడబడతారు. తడబడకుండా ఉండాలంటే అన్నిటినీ ఒకే గడియారంలోకి మార్చాలి, యూటీసీ అయితే మేలు, అంటే ప్రపంచమంతా కొలమానంగా పెట్టుకున్న ఉమ్మడి సమయం. మనది యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. దుబాయ్ 4 గంటలు ముందు, దోహా 3. డాలస్ చలికాలంలో 6 గంటలు వెనక, ఎండాకాలంలో 5. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. అంటే మనకీ డాలస్‌కీ తేడా మార్చి నుంచి నవంబర్ దాకా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర. అరిజోనాలో ఎక్కువ భాగం ఈ మార్పు పాటించదు, పిల్లలు ఫీనిక్స్ వైపు ఉంటే ఏడాదంతా ఒకటే తేడా.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జూలైలో ఒక మంగళవారం తెల్లారుజామున 4:30కి శంషాబాద్‌లో విమానం కదిలిందనుకోండి. దుబాయ్‌లో అక్కడి టైమ్ ప్రకారం ఉదయం 7:00కి దిగుతుంది. 9:30కి రెండో విమానం, డాలస్‌లో మంగళవారమే సాయంత్రం 4:45కి దిగుతుంది. గడియారం చూస్తే 4:30 నుంచి 4:45, పన్నెండుంపావు గంటలు. యూటీసీలోకి మార్చండి. మన 4:30లోంచి ఐదున్నర తీసేస్తే సోమవారం రాత్రి 11:00. డాలస్ 4:45కి ఐదు కలిపితే మంగళవారం రాత్రి 9:45. మధ్య తేడా 22 గంటల 45 నిమిషాలు. సరిచూసుకోవడానికి ముక్కలు కలపండి: 4 గంటలు, మధ్యలో ఆగింది రెండున్నర, తర్వాత పదహారుంపావు, మొత్తం 22:45. రెండు లెక్కలూ కలిశాయి. కలవకపోతే ఎక్కడో తేదీ తప్పిందని అర్థం, మళ్లీ చూడండి.

వచ్చేటప్పుడు తిరకాసు ఇంకోలా ఉంటుంది. డాలస్‌లో శుక్రవారం రాత్రి 8:00కి ఎక్కితే దుబాయ్‌లో శనివారం రాత్రి 7:45కి దిగుతారు, 10:00కి మళ్లీ ఎక్కి శంషాబాద్‌లో ఆదివారం తెల్లారుజామున 3:00కి దిగుతారు. రెండు తేదీలు మారాయి, గడియారం ప్రకారం 31 గంటలు, నిజానికి పట్టింది ఇరవైన్నర గంటలు. టికెట్ మీద దిగే టైమ్ పక్కన చిన్నగా ప్లస్ 1, ప్లస్ 2 అని ఉంటుంది చూడండి, అది ఎన్ని తేదీలు దాటిందో చెబుతుంది. ఆదివారం పెళ్లికి అందుకోవాలనుకునే వాళ్లు శుక్రవారం రాత్రి ఎక్కితే చాలా ఇరుకున పడతారు, గురువారమే ఎక్కండి.

అర్ధరాత్రి దాటాక ఉన్న విమానాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర విదేశాలకి వెళ్లే విమానాలు చాలావరకు ఆ వేళలోనే కదులుతాయి. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంట్లో పెద్దవాళ్లకి రెండున్నర అంటే ఇంకా నిన్నటి రాత్రే. టికెట్‌కి మాత్రం రాత్రి పన్నెండు దాటగానే కొత్త తేదీ. టికెట్ మీద 14వ తేదీ 2:30 అని ఉంటే ఇంటి నుంచి బయల్దేరాల్సింది 13వ తేదీ సాయంత్రమే, 14 రాత్రి వెళ్తే విమానం వెళ్లిపోయి ఒక రోజు అవుతుంది. అమ్మానాన్నలకి ఫోన్‌లో చెప్పేటప్పుడు "14న రాత్రి ఫ్లైట్" అనకండి. "13 సాయంత్రం భోజనం చేసి బయల్దేరాలి" అని చెప్పండి, క్యాలెండర్‌లో 13 చుట్టూ సున్నా చుట్టించండి.

మధ్యలో ఆగే టైమ్

ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉంటే, గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో రెండున్నర నుంచి నాలుగు గంటలు ఆగడం హాయి. గంటన్నర లోపు అయితే పెద్దవాళ్లకి టెన్షనే, మొదటి విమానం అరగంట ఆలస్యమైనా పరుగులు పెట్టాలి, అక్కడ మళ్లీ సెక్యూరిటీ చెకింగ్ కూడా ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే టికెట్ కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడిగి పెట్టండి, దానివల్ల దారి వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. ఎనిమిది, పది గంటలు ఆగే టికెట్ పాతిక వేలు తక్కువకి వస్తే కుర్రాళ్లు తీసుకోవచ్చు, అరవై దాటిన వాళ్లకి మాత్రం నేను వద్దనే చెబుతాను. విడివిడిగా రెండు టికెట్లు కొనడం ఇంకా ప్రమాదం: మొదటిది ఆలస్యమైతే రెండోది పోయినట్టే, సామాను మళ్లీ తీసుకుని మళ్లీ ఇవ్వాలి, దానికి ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు.

అమెరికాలో కూడా విమానం మారాల్సి ఉంటే, అంటే న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగి అక్కణ్ణుంచి డాలస్‌కి వెళ్లాలంటే, లెక్క మారిపోతుంది. మొదట ఏ ఊళ్లో దిగుతారో అక్కడే ఇమిగ్రేషన్ అవుతుంది, చెక్-ఇన్ చేసిన సూట్‌కేసులు కూడా అక్కడే బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. దీనికి మూడు గంటలకి తక్కువ పెట్టుకోకండి. అబుదాబి మీదుగా వెళ్తే వేరే పద్ధతి. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు 2014 నుంచి అక్కడే కూర్చుంటున్నారు, ఆ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది, అమెరికాలో దిగాక లోకల్ విమానం దిగినట్టు బయటికి నడిచి వచ్చేయొచ్చు. కాకపోతే ఆ క్యూ టైమ్ అబుదాబిలో ఆగే గంటల్లోంచి పోతుంది కాబట్టి అక్కడ మూడు గంటలైనా ఉండేలా చూసుకోండి.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు రెండు వైపులా నేల మీద టైమ్ కలపాలి. విజయవాడ నుంచి బయల్దేరే వాళ్లనే తీసుకుందాం. 65వ నంబర్ హైవే మీద వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి రాకుండా శంషాబాద్‌లో దిగిపోవచ్చు. మధ్యలో టీకి, భోజనానికి ఆగడంతో కలిపి ఐదున్నర గంటలు పెట్టుకోండి, సంక్రాంతి ముందు రోజుల్లోనూ సెలవులు ముగిసే ఆదివారాల్లోనూ ఇంకో గంటన్నర. ఎయిర్‌పోర్టులో విమానానికి మూడున్నర గంటల ముందు ఉండాలి. అంటే మన ఉదాహరణలో 4:30 విమానానికి రాత్రి 1:00కి శంషాబాద్‌లో ఉండాలి, సోమవారం సాయంత్రం 7:30కి విజయవాడలో కారెక్కాలి. వరంగల్ వాళ్లకి దూరం సగమే, రాత్రి భోజనం ఇంట్లో చేసి తొమ్మిదికి బయల్దేరినా సరిపోతుంది.

అటు డాలస్‌లో 4:45కి దిగితే ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ కలిపి గంటన్నర వేసుకోండి. పెద్ద విమానాలు రెండు మూడు ఒకేసారి దిగితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇల్లయితే సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకో ముప్పావు గంట. ఇల్లు చేరేసరికి మంగళవారం సాయంత్రం 7:00. సోమవారం సాయంత్రం 7:30కి బయల్దేరి మంగళవారం సాయంత్రం 7:00కి చేరారు, చూడ్డానికి ఒక రోజు కూడా కాలేదు. పదిన్నర గంటల తేడా కలపండి, అచ్చంగా 34 గంటలు. "పదహారు గంటల ప్రయాణం" అని చెప్పి పంపిన అమ్మానాన్నలు పడుతున్న అసలు శ్రమ ఇది.

మందుల లెక్క ఈ 34 గంటల మీదే వేయాలి. రోజుకొకసారి వేసుకునే మాత్ర అయినా, రెండు పూటలా వేసుకునేదైనా, దారిలో ఊరికో గడియారం చూసి వేసుకుంటే ఒకసారి ముందే పడుతుంది, ఒకసారి ఆరేడు గంటలు ఆలస్యమవుతుంది. అమ్మ చేతి గడియారం దారంతా మన టైమ్‌లోనే ఉంచమనండి, మాత్రలు దాని ప్రకారం వేసుకుని డాలస్ ఇంటికి చేరాక మార్చుకోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం ఈ గంటల లెక్క రాసిన కాగితం పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించి, ఏ డోసు ఎప్పుడో రాయించుకోవాలి, దీంట్లో సొంత తెలివి వద్దు. రెండు రోజులకి సరిపడా మందులు, చీటీతో సహా, చేతి బ్యాగులోనే ఉండాలి.

ఇక కాగితం చివరి రూపం ఎలా ఉండాలంటే, ఎడమ పక్క స్థానిక సమయం, కుడి పక్క మన టైమ్, ప్రతి మజిలీకి ఒక వరస. దుబాయ్ దిగడం 7:00, మన 8:30. దుబాయ్ ఎక్కడం 9:30, మన 11:00. డాలస్ దిగడం సాయంత్రం 4:45, మనకి బుధవారం తెల్లారుజామున 3:15. పక్కన ఫ్లైట్ నంబర్, కింద కొడుకు ఫోన్ నంబర్, డాలస్ ఇంటి అడ్రస్, ఎందుకంటే ఇమిగ్రేషన్‌లో అది అడుగుతారు. పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి రెండు కాపీలు తీయండి, ఒకటి నాన్న జేబులో, ఒకటి అమ్మ హ్యాండ్‌బ్యాగులో. మూడోది ఇక్కడ ఇంట్లో ఉన్నవాళ్లకి ఇవ్వండి, తెల్లారుజామున మూడుంపావుకి ముందే ఫోన్లు చేసి "ఇంకా దిగలేదా" అని కంగారు పడకుండా ఉంటారు.

డాలస్‌లో ఎదురుచూసే వాళ్లకి కూడా ఒక మాట. దుబాయ్, దోహా నుంచి వచ్చే విమానాలు టెర్మినల్ డికి వస్తాయి. ఫ్లైట్‌అవేర్‌లో విమానం నేల తాకిందని కనిపించగానే పరిగెత్తకండి, గేటుకి రావడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది. వాళ్లు బయటికి వచ్చేది 6:15 ప్రాంతంలో కాబట్టి 6:00కల్లా అరైవల్స్ దగ్గర నిలబడితే చాలు, కారులో మంచినీళ్లూ, మజ్జిగన్నం డబ్బా ఒకటీ పెట్టుకెళ్లండి.